నాలుగు బటన్ల డబ్బా

జనవరి 9

అక్కకు,

కవరు చూసి కంగారుపడకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇకమీదట నా దగ్గర ఫోను ఉండదు, ఆ ముక్క చెప్పడానికే రాస్తున్నాను. ఏమైనా చెప్పాలంటే ఉత్తరం రాయి. తలుపు నంబరు పెద్ద అంకెల్లో వెయ్యి. మా మెట్ల కింద పన్నెండు ఇళ్లకి పన్నెండు ఉత్తరాల పెట్టెలున్నాయి. పోస్టాయన చేతికి ఏది అందితే అందులో పడేసి పోతాడు.

ఎందుకు మానేశానో కూడా రాస్తాను. ఎదురుగా ఉంటే నోరు పెగలదు గానీ కాగితం మీద బాగానే వస్తోంది.

పోయిన నెల నీకు ఒక వాయిస్ మెసేజి పెట్టాను. మా అత్తయ్య మధ్యాహ్నం కునుకు తీస్తే వచ్చే గురక, మా లాండ్రీలో పెద్ద మిషను ఆగబోయే ముందు చేసే చప్పుడు ఒకేలా ఉంటాయని చెప్పి నవ్వాను. పుట్టి బుద్ధెరిగాక నేను వేసిన మొదటి జోకు అది. నీకొక్కదానికే చెప్పాను. నువ్వు తీసుకెళ్లి చుట్టాల గ్రూపులో పెట్టావు. ముప్పై ఎనిమిది మంది విన్నారు. వాళ్లలో ఎవరో పుణ్యాత్మురాలు మా అత్తయ్యకి వినిపించింది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి మధ్యాహ్నం పడుకోవడం మానేసి, కుర్చీలో నిటారుగా కూర్చుని గోడ చూస్తోంది. నిద్ర ముంచుకొస్తే లేచి వెళ్లి మొహం కడుక్కుంటోంది. అరవై ఏళ్ల మనిషి తన ఇంట్లో తను కళ్లు మూయడానికి భయపడుతోంది, అదీ నా వల్ల.

అందుకని ఫోను వదిలించుకున్నాను. పాటలు లేకపోతే నాకు పని సాగదని తెలుసు కదా. ఆయన తన పాటల డబ్బా నాకిచ్చారు. లిఫ్టులు బాగుచెయ్యడానికి గుంటలోకి దిగితే ఫోను ఎందుకూ పనికిరాదని ఆయన ఎప్పటినుంచో దాన్నే జేబులో వేసుకునేవారు. సబ్బుబిళ్లంత ఉంటుంది. నాలుగే బటన్లు. ముందుకి, వెనక్కి, గట్టిగా, మెల్లగా. పాట పేరు కూడా కనపడదు, అంకె మాత్రం వస్తుంది.

మా మడతల గదిలోకి ఫోన్లు తేకూడదు. తలుపు బయట చెక్కపెట్టెలో వేసి రావాలి. మొదటి రోజు నా చెవిలో తీగలు చూసి సూపర్‌వైజరు ఆపింది. ఆవిడ మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంది, అందుకని అందరూ ఈలమ్మ అంటారు.

"ఇది ఫోనా?" అంది.

"కాదండి."

"మాట్లాడుతుందా?"

"పాడుతుందండి."

"ఫోటోలు తీస్తుందా?"

"ఏమీ తీయదండి."

"అయితే నీకంటే నయమే, అదైనా పాడుతోంది," అని లోపలికి పంపించింది.

ఇప్పుడు రోజుకి నాలుగువందల ఆసుపత్రి దుప్పట్లు పాటల మీదే మడుస్తున్నాను. పని దిగాక ఆ చెక్కపెట్టె దగ్గర తోపులాట నువ్వు చూడాలి. తప్పిపోయిన బిడ్డ దొరికినట్టు ఫోను తీసుకుని గుండెలకి అదుముకుంటారు. అంతా చేసి అందులో వాళ్లకోసం వచ్చింది ఎవరో తిన్న పళ్లెం ఫోటో.

పిల్లలకి నా ముద్దులు. పెద్దవాడికి పళ్లు తోముకోమని చెప్పు.

నీ చెల్లెలు


జనవరి 17

మూగమ్మకి,

నీ కవరు చేరింది. నా పేర ఉత్తరం వచ్చి పదేళ్లయింది. కోర్టు నోటీసేమోనని మీ బావ పూట గడిచేదాకా తెరవనివ్వలేదు. తెరిస్తే లోపల నువ్వు. నోటీసే నయం.

ఫోను ఉండదు అంటే ఏమిటే అర్థం? పగిలిందా, పోయిందా, లాక్కున్నారా? మొగుడు ఫోను తీసేసుకుని చేతిలో ఆటబొమ్మ పెడితే, అదేదో బంగారంలా నాకు వర్ణించి రాస్తావా? నాలుగు బటన్లట. మా వీధి చివర చెప్పులు కుట్టే అతని ఫోనులో సినిమాలు ఆడుతున్నాయి. నువ్వేమో అంకెలు చూస్తూ దుప్పట్లు మడుస్తున్నావు. ఇలాంటి డబ్బాలు పాతసామాన్లవాడు కూడా బస్తాలో వేసుకోడు, బరువు దండగ అంటాడు.

పైగా అబద్ధం ఒకటి. నిన్న నీ నంబరుకి పదకొండు వాయిస్ మెసేజీలు పెట్టాను. పదకొండింటికీ రెండేసి నీలం టిక్కులు పడ్డాయి. ఫోను లేని మనిషి ఎలా విందమ్మా? నాకు తెలియనిదా. నీ చేతికి ఎప్పుడో ఒకసారి చిక్కుతోంది. భయం భయంగా వింటున్నావు, జవాబు ఇవ్వడానికి ధైర్యం చాలడం లేదు. సరే, జవాబు ఇవ్వకు. ఇకనుంచి అసలు సంగతులన్నీ మెసేజిలోనే చెబుతాను. ఉత్తరాలు వాళ్లు విప్పి చదువుతారు. విని ఊరుకో, నేను చెప్పినట్టు చెయ్యి.

గురక గురించి ఇంత రాద్ధాంతమా. జనం నవ్వారు. నీ వల్ల నలుగురు నవ్వడం అదే మొదలు, సంతోషించాల్సింది పోయి ఏడుపుగొట్టు ఉత్తరం.

ఇక్కడ నా నడుము విరుగుతోంది. పార్లర్లో నా దగ్గర పనిచేసే పిల్ల చెప్పాపెట్టకుండా మానేసింది. రెండు కుర్చీలూ నేనే చూసుకోవాలి. ఒకామెకి కనుబొమలు తీస్తుంటే ఇంకొకామె తల మీద రంగు ఎండిపోతోంది. పిల్లలు బడి నుంచి వచ్చి మెట్ల మీద కూర్చుంటున్నారు. నువ్వు వెళ్లాక వాళ్లని నీలా చూసుకున్నవాళ్లు లేరు. అది వేరే సంగతనుకో.

అన్నం సరిగ్గా తిను. తినడానికి కూడా బటన్ నొక్కాలేమో కనుక్కో.

అక్క


జనవరి 29

అక్కకు,

నీ ఉత్తరం మూడో అంతస్తు వాళ్ల పెట్టెలో వారం పడుంది. వాళ్లు దాన్ని నిన్న ఇచ్చారు. అది చదివాక నాకు అర్థమైంది, అప్పటికే ఆలస్యమైంది.

ఫోను నా దగ్గర నుంచి ఎవరూ లాక్కోలేదు. నేనే అత్తయ్యకి ఇచ్చాను. ఎగతాళి చేసినందుకు ఏదైనా ఇవ్వాలనిపించింది, నా దగ్గర ఇవ్వదగ్గది అదొక్కటే ఉంది. ఈ ముక్క మొదటి ఉత్తరంలో రాయడానికి సిగ్గేసింది. రాసుంటే బాగుండేది.

ఆ నీలం టిక్కులు అత్తయ్యవి.

మొన్న పని దిగి ఇంటికి వచ్చేసరికి అత్తయ్య, పక్కింటి కుట్టుమిషనావిడ మంచం మీద కాళ్లు జాపుకుని కూర్చున్నారు. మధ్యలో పళ్లెంలో వేయించిన పల్లీలు. దిండు మీద ఫోను. అందులోంచి నువ్వు. "ఆ లిఫ్టు మనిషికి కింద నుంచి పైకి వెళ్లడమే తెలుసు, మనిషిగా పైకి రావడం తెలియదు," అంటున్నావు. కుట్టుమిషనావిడ పల్లీలు నమలడం ఆపి, "నిన్నటి కంటే ఇవాళ బాగుంది," అంది. వారం నుంచి రోజూ మధ్యాహ్నం ఇదే పనిట. ఫోనులో వచ్చే ఏదో నాటకం అనుకుని మొదలుపెట్టిందట అత్తయ్య. మూడోరోజుకి అది తన గురించేనని తెలిసింది. తెలిశాక మరీ శ్రద్ధగా వింటోంది. నన్ను చూసి, "మీ అక్కది మంచి గొంతే అమ్మాయ్. కాస్త ముక్కుతో మాట్లాడుతుంది గానీ," అంది.

నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. ఇంతలో అదే వరసలో ఇంకోటి మోగింది. "నేను వచ్చి అందరిముందు నీ మొగుడు చెయ్యి చేసుకున్నాడని చెబుతాను. నువ్వు కాదనకుండా నిలబడు చాలు. మాట్లాడటం నీకెలాగూ రాదు," అన్నావు. కుట్టుమిషనావిడ చెప్పులు వేసుకుని మెల్లగా వెళ్లిపోయింది.

అత్తయ్య ఫోను కట్టేసి నన్ను అడిగింది. "నీకు వెళ్లాలని ఉందా? ఉంటే వెళ్లు, నేను ఆపను. నా కొడుకు చెయ్యెత్తాడని మాత్రం ఎవరూ అనకూడదు. వాడు చీమని కూడా ఊది పక్కకి జరుపుతాడు."

నేను లేదని చెప్పాలి. గుమ్మంలో చేతిసంచి పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆవిడ నా మౌనాన్ని అవును అనుకుంది. "సరేలే," అని పల్లీల పళ్లెం లోపల పెట్టేసింది. అప్పటినుంచి ఇంట్లో అందరూ నాతో అతిథితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు.

ఎవరికి పెడుతున్నావో చూసుకోకుండా ముప్పై నలభై మెసేజీలు పెట్టిన మనిషివి నువ్వు. నన్ను ఏడో తరగతి మధ్యలో మాన్పించావు కదా, నాకు తెలివి లేకపోతే అర్థముంది. నువ్వు డిగ్రీ చదివావు.

నా డబ్బాని ఆటబొమ్మ అన్నావు. దానిలోంచి నువ్వు రాలేవు. నాకు ఆ ఒక్క గుణం చాలు.

చెల్లెలు


ఫిబ్రవరి 5

మూగమ్మకి,

ఈ ఉత్తరం నువ్వు రాసింది కాదు. నా చెల్లెలు ఇంత పొడుగు వాక్యాలు రాయదు. మీ అత్త పక్కన కూర్చుని చెబితే నువ్వు రాశావు. పల్లీలు, పళ్లెం, పక్కింటావిడ, అంతా బాగా అల్లారు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాను.

అయినా పరీక్ష చేద్దామని, "ఎవరు వింటున్నారో నిజం చెప్పండి," అని ఆ నంబరుకి మెసేజి పెట్టాను. అరగంటకి ఒక ఫోటో వచ్చింది. సగం చెవి, సగం గోడ. గోడకి ఆనుకుని దొంగచాటుగా నాకు ఫోటో పంపావన్నమాట. చెవికి దుద్దు లేదు. నేను పెట్టి పంపిన దుద్దులు కూడా ఊడబెరుక్కున్నారా? జుట్టు కూడా తెల్లబడింది, ఇరవై రెండేళ్లకే. ఏం నరకం చూపిస్తున్నారో చెప్పకుండానే చెప్పావు.

ఇంకేం రాయకు. ఇది వాళ్లు విప్పి చదివినా నాకు లెక్కలేదు. పదహారో తేదీ సాయంత్రం నీ పని దిగే వేళకి లాండ్రీ గేటు దగ్గరికి మీ బావ, నేనూ వస్తాం. ఇంటికి వస్తే వాళ్లు తలుపు తీయరు. బట్టలు సంచిలో సర్దుకుని పనికి తీసుకెళ్లు. నీకోసం కొత్త ఫోను కొని ఉంచాను, పెద్దది. ఆ డబ్బా చెత్తకుండీలో వేసి రా.

వచ్చాక పెద్దవాడి గదిలోనే పడుకోవచ్చు. వాడికి వచ్చే నెల పరీక్షలు, కాస్త కూర్చోబెట్టి చదివించాలి. పార్లరు పొద్దున్న పూట నువ్వు తెరిస్తే నేను పిల్లల్ని పంపించి వస్తాను. అన్నీ ఆలోచించి పెట్టాను.

ధైర్యంగా ఉండు. నేనున్నాను కదా.

అక్క


ఫిబ్రవరి 11

అక్కకు,

రావద్దు. ఆ చెవి అత్తయ్యది. ఏదో నొక్కబోయి ఫోటో తీసి పంపేసింది. నా దుద్దులు నా చెవులకే ఉన్నాయి.

ఇక్కడ జరిగింది చెబుతాను, మళ్లీ అత్తయ్య రాయించిందనుకో, నాకేం పోదు. నిన్న ఆయన పని నుంచి వచ్చి చేతులకున్న గ్రీజు కడుక్కుని, జేబులోంచి బస్సు టికెట్టు తీసి బల్ల మీద పెట్టారు. నా పేర, మీ ఊరికి, పద్దెనిమిదో తేదీకి. "కిటికీ పక్క సీటు. నీకు కడుపులో తిప్పుతుంది కదా," అన్నారు. అంతే. వెళ్లమని అనలేదు, ఉండమని అనలేదు. నేను వెళ్లాలనుకుంటున్నానని అత్తయ్య చెప్పిందట.

మూడు నోళ్లున్న ఇల్లు. ఒక్కదానికీ మాట్లాడటం రాదు. ఈ లోపల నాలుగో నోరు బస్సెక్కి వస్తోంది.

నేను ఎక్కడికీ రాను. ఉత్తరం అందగానే ప్రయాణం మానుకో.

చెల్లెలు


ఫిబ్రవరి 19

కృతజ్ఞత లేనిదానికి,

ఇల్లు చేరాం. దారంతా మీ బావ నాతో మాట్లాడలేదు. ఆయన సెలవు పెట్టుకుని వచ్చింది గేటు బయట తల దించుకుని నిలబడటానికి కాదు.

రావద్దని రాశావట. ఆ ఉత్తరం మేము బయల్దేరే రోజు పొద్దున్నే వచ్చింది. రావద్దు అని అంత గట్టిగా రాయించారంటే తప్పకుండా వెళ్లాలనే అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు.

నలభై మంది చాకలి పనివాళ్ల ముందు దువ్వెన సంగతి ఎత్తుతావా? ఎప్పటి సంగతి అది. అమ్మ పోయాక నిన్ను తెచ్చి అన్నం పెట్టింది ఎవరు? నీ నోట్లోంచి మాట ఊడిపడాలని ఇన్నేళ్లు ఎదురుచూస్తే, ఊడిపడి నా మొహం మీదే పడింది. ఆ ఈల మెడలో వేసుకున్నావిడ నన్ను గేటు బయటికి పంపించింది. నన్ను.

నీ డబ్బా నా సంచిలో ఉంది. చెవుల్లోంచి ఆ తీగలు లాగితే తప్ప నీకు నా మాట వినపడదని లాగాను. తిరిగి ఇవ్వను. సబ్బుబిళ్లలా ఉందన్నావు, సబ్బైతే కనీసం మురికి వదిలేది. కావాలంటే వచ్చి తీసుకో. వచ్చినదానివి ఎలాగూ నాలుగు రోజులు ఉంటావు, అప్పుడు మాట్లాడుకుందాం.

అక్క


ఫిబ్రవరి 27

అక్కకు,

నీ ఉత్తరం అందింది. గ్రూపులో నువ్వు చెప్పిన కథ కూడా అత్తయ్య ఫోనులో విన్నాను. అందులో నేను భయంతో వణికిపోతూ ఏవేవో పలవరించానట. వెనక అత్తయ్య నిలబడి కళ్లెర్రజేసిందట. ఆ వేళకి అత్తయ్య ఇంట్లో కూరగాయలు తరుగుతోంది. కాబట్టి జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద ఉండాలని రాస్తున్నాను. దీన్ని కూడా గ్రూపులో పెట్టుకోవచ్చు.

గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని నువ్వు పెద్దగా అరిచావు. "నా చెల్లెల్ని మొగుడు కొడుతున్నాడు. ఫోను లాక్కున్నాడు. పిచ్చిదాన్ని చేసి చేతిలో డబ్బా పెట్టాడు," అన్నావు. ఈలమ్మ ఈల వేసింది. ఆ ఈల వేస్తే మిషన్లు ఆపాలి, కాబట్టి లోపల వాళ్లు కూడా అన్నీ ఆపి బయటికి వచ్చారు. అందరూ నన్నే చూశారు. ఈలమ్మ నా ఎదురుగా వచ్చి, "నిజమేనా? భయపడకుండా చెప్పు," అంది.

నువ్వు చెప్పినట్టే నిలబడితే చాలు. నాకు అలవాటైన పనే. నేను ఊరుకుంటే ఆ రోజుతో ఆయన పెళ్లాన్ని కొట్టే మనిషి అయిపోయేవారు. లిఫ్టు బాగుచెయ్యడానికి ఎవరి ఇంటికి వెళ్లినా ఆ మాట ఆయన కంటే ముందు వెళ్లి కూర్చునేది. ఇంట్లో ఒకసారి ఊరుకుని ఏమైందో చూశాను కదా.

"నన్ను మా ఆయన ఎప్పుడూ కొట్టలేదండి," అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఫోను నేనే ఇచ్చేశాను, ఈవిడ పోరు పడలేక. నేను దెబ్బలు తిన్నది పదమూడేళ్లప్పుడు. జుట్టుకి వేసే రంగు గిన్నె ఒలికిందని దువ్వెన పళ్లు విరిగేదాకా కొట్టారు. కొట్టింది ఈవిడే. ఇప్పుడు పార్లర్లో పనికి మనిషి లేదు, అందుకని వచ్చింది."

అంతే అన్నాను. ఒక్క మాట ఎక్కువ లేదు. బావని అడుగు, ఆయన విన్నారు.

ఇంటికి వెళ్లేదాకా ఆ గొంతు పోతుందేమోనని భయం వేసింది. చెప్పులు కూడా విప్పకుండా అత్తయ్య ముందు నిలబడి, "నాకు వెళ్లాలని లేదు. ఆ రోజు కూడా లేదు," అన్నాను. ఆవిడ కత్తిపీట పక్కకి జరిపి, "ఈ మాట చెప్పడానికి ఇరవై రోజులా అమ్మాయ్? నేను నీ చీరలు కూడా ఇస్త్రీ చేయించాను," అంది. ఆయనకి చెబితే టికెట్టు చింపెయ్యలేదు. చెప్పులేసుకుని రద్దు చేయించడానికి వెళ్లారు. తిరిగి వచ్చి రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నారు. ఇప్పుడు అత్తయ్య మధ్యాహ్నం పడుకుంటోంది. మిషను చప్పుడు మొదలైంది. ఇదీ గ్రూపులో పెట్టు, ఆవిడే పెట్టమంది.

నువ్వు గేటు దగ్గర వదిలేసిన కొత్త ఫోను ఈలమ్మ ఆఫీసులో ఉంది. పోస్టులో పంపిస్తున్నాను. దానిలో నువ్వు ముందే నీ నంబరు ఒక్కటే వేసి పెట్టావని ఆవిడ చెప్పింది.

ఇక డబ్బా సంగతి. వచ్చి తీసుకోమన్నావు. వస్తాను. రెండు కుర్చీలూ నిండి, బెంచీ మీద అరడజను మంది ఎదురుచూసే రోజు ఏదో నాకు తెలుసు, శనివారం సాయంత్రం. ఆ వేళకి వస్తాను. నీ ఇంట్లో నాలుగు రోజులు ఉండను, నాలుగు నిమిషాలు చాలు. గేటు దగ్గర దువ్వెన ఒక్కటే చెప్పాను. ఆరేళ్లు నీ ఇంట్లో ఉన్నాను, ఇంకా చాలా ఉన్నాయి. నాకు మాట్లాడటం రాదని ఊరంతా చెప్పుకున్నావు కదా, వచ్చినవాళ్లు సరదాగా వింటారు.

అంత శ్రమ ఎందుకు అనుకుంటే పార్సిల్ చెయ్యి. తలుపు నంబరు పెద్ద అంకెల్లో వెయ్యి. వచ్చే శుక్రవారం దాకా చూస్తాను.

చెల్లెలు


మార్చి 4

చెల్లికి,

డబ్బా ఇవాళ పార్సిల్ చేశాను. తీగ చిక్కుపడింది, విడదీసి చుట్టి పెట్టాను. నువ్వు శనివారం రానక్కర్లేదు.

ఆపే బటన్ ఏదో తెలియక వినాల్సి వచ్చింది. అన్నీ ఒకే గోల. నలభై ఒకటోది పర్వాలేదు.

అక్క